తల ఊపిన గవరయ్య

గార్డెన్ రీచ్ రేవు కూలీల లైన్ ఇళ్లలో గవరయ్య గుమ్మం ముందు భానుమతి ఆగిపోయింది. లోపల చనిపోయినవాడి భార్య గోడకు చేరగిలబడి కూర్చుంది. బయట వాడంతా మూగి ఉంది. అందరూ భానుమతినే చూస్తున్నారు. చూడరు మరి? ఆదివారం సాయంత్రం ఆంధ్ర సంఘం హాల్లో మైకు పట్టుకుని గవరయ్య పేరు చదివింది ఆమే. మంగళవారం మధ్యాహ్నానికి గవరయ్య శవమై దొరికాడు.

"రండి మేడం, రండి. బయట నిలబడితే మరీ చూస్తారు," అన్నాడు డిటెక్టివ్ పెద్దిరాజు, ఆ ఇల్లు తనదే అన్నంత ధీమాగా. పోర్టు కాపలా ఉద్యోగం మానేసి సొంతంగా కేసులు పట్టే మనిషి. జేబులోంచి సోంపు తీసి నములుతూనే ఉంటాడు. చావింట్లో కూడా ఆ నమలడం ఆపడేమిటా అని భానుమతికి ఒళ్లు మండింది. కానీ ఆయన్ని పిలిపించింది ఆమె తోటి పరిశోధకుడు గోపీనాథ్ తల్లే. గోపీనాథ్ నిన్నటి నుంచి పోలీసు లాకప్పులో ఉన్నాడు. ఆ తల్లి ఏడుపు తలుచుకుని భానుమతి నోరు మూసుకుంది.

పెద్దిరాజు గవరయ్య భార్య మహాలక్ష్మమ్మ ఎదుట నేల మీదే చతికిలబడ్డాడు.

"అమ్మా, ఈ మేడంగారు రేవు కూలీలకు నిద్ర ఎందుకు పట్టదో కనుక్కునే చదువు చదువుతున్నారు. ఇంటింటికీ తిరిగి అడిగారు. మీ ఆయన్ని ఎన్నిసార్లు అడిగారు?"

"అడగడవేటి దాదా? ఈయమ్మని మీటింగులో దూరం నుంచి సూసినాం. మా ఇంటికి ఎప్పుడూ రానేదు."

"మీ ఆయనకి నిద్రపట్టేదా?"

"మావోడికా? ఈదిలో జెండాలోళ్లు మైకులెట్టుకుని మిచ్ఛిలని ఊరేగినా లెగడు. ఇనపడితే కదా లెగడానికి."

పెద్దిరాజు నమలడం ఆపాడు. "వినపడదా?"

"రెండు సెవులూ పోయినాయి. ఓడ మీద యంత్రం పక్కనే పని కదా, ఏళ్లయిపోయింది. మాకైతే సెవిలో నోరెట్టి అరవాల." ఆమె చెంగుతో ముక్కు తుడుచుకుంది. "కొత్తోళ్ల కాడ సిగ్గు. సెవుడని తెలవనీడు. ఎవలేటి అడిగినా నవ్వి తల ఊపీడమే. మా పిల్లకి సంబందం ఒచ్చినోళ్లు, గుంటకేటైనా జబ్బుందా బావా అనడిగితే అలగే ఊపీసినాడు. ఆ సంబందం అంతే పోయింది. నాను నెత్తి కొట్టుకున్నాను."

"ఆదివారం మీటింగుకి ఎందుకెళ్లారు, వినపడని మనిషి?"

"తినడానికి సింగాడాలు, మిష్టీ పెడతారంటే ఎల్లినాం. ఈయమ్మ మైకులో గవరయ్యా అనీసరికి అందరూ ఎనక్కి తిరిగి మావోడినే సూసినారు. నీ గురించేరా అని ఎవలో ఈపు మీద తట్టినారు. మావోడు నవ్వి తల ఊపినాడు."

 భానుమతికి ఆ సాయంత్రం గుర్తుంది. వేదిక మీద నుంచి ఆ తలలు తిరగడం చూసింది. జనం ఆసక్తిగా వింటున్నారనుకుని మురిసిపోయి గొంతు ఇంకాస్త పెంచి చదివింది. ఆ మాటలు ఇప్పుడామె చెవుల్లో గింగురుమంటున్నాయి.

'గింజల ఓడ. పురుగు మందు పెట్టి అడుగు గది పైతలుపు మూస్తున్నారు. లోపల నుంచి తట్టిన చప్పుడు ఇనపడింది. లోపల మనిసి ఉన్నాడు బాబూ అన్నాను. ఆ బాబు ఇన్నాడు. ఇని, మూసీండి అన్నాడు. ఓడకి టైమైపోయిందంట. అప్పటినుంచి నాకు కంటి మీద కునుకు నేదు.'

దాన్ని ఆమె తన పరిశోధనలో పీడకలల కింద వేసింది. పని ఒత్తిడి వల్ల పదేపదే వచ్చే కల అని పక్కన వ్యాఖ్య కూడా రాసుకుంది. సిద్ధాంత వ్యాసం సమర్పించే ముందు, ఎవరి జీవితాల గురించి రాశారో వాళ్లకే చదివి వినిపించడం మర్యాద అని తను చదివే ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చెబితే హాలు బుక్ చేసి మరీ చదివింది. కల కాదని ఒక మనిషి చచ్చాక గాని తెలియలేదు. ఇంత చదువూ చదివి ఏం లాభం అనిపించింది ఆమెకు.

"మంగళవారం పొద్దున్న ఎవరైనా వచ్చారా?" అడిగాడు పెద్దిరాజు.

"నాను నీళ్లకెల్లినాను. పక్కింటామె సూసింది. ఎవలో పేంటు షర్టు బాబు సందు మొదట్నించి గవరయ్య ఎవరని అడిగినాడంట. మావోడు ఆ బాబు ఎనకాలే రేకుల షెడ్డు కేసి ఎల్లినాడంట. మొహం సూడనేదు, ఈపే సూసింది. నానొచ్చీసరికి..." 

పెద్దిరాజు ఆమె చేతి మీద చెయ్యి వేసి లేచాడు. "మేడం, షెడ్డు చూద్దాం పదండి."

లైన్ల వెనక రేకుల షెడ్డులో పాత టార్పాలిన్ చుట్టలు గోడకు ఆనించి పేర్చి ఉన్నాయి. నాలుగైదు చుట్టలు కింద దొర్లి ఉన్నాయి. వాటి కిందే గవరయ్య దొరికాడు. మీద పడి ఊపిరాడక పోయాడని మొదట అందరూ అనుకున్నారు. భానుమతి గుమ్మంలోనే ఆగిపోయింది. లోపల తారు కంపు కొడుతోంది. ఆ చుట్టల కింద ఇంకా ఎవరో ఉన్నారేమోనన్న పిచ్చి భయం ఆమెను వదలడం లేదు.

పెద్దిరాజు చుట్టలను ఒక్కొక్కటీ చేత్తో తట్టి చూశాడు. గోడవైపు వంగి పైకి చూశాడు.

"మీద పడేటట్టు పేర్చినవి కావివి. ఎవరో లాగితే దొర్లాయి. శవాన్ని కడిగినవాడు నాతో చెప్పాడు, గవరయ్య మీసాల్లో, ముక్కులో గోనె పీచు ఉందట. టార్పాలినుకి గోనె పీచు ఎక్కడిది?"

మూల నుంచి ఒక ఖాళీ గోనెసంచి తీశాడు. అది నాలుగు మడతలు వేసి, అంచులు కలిపి, శుభ్రంగా పెట్టి ఉంది.

"ఈ లైన్లలో నేను పుట్టి పెరిగాను మేడం. గోనెసంచి అంటే గుమ్మంలో వేసి కాళ్లు తుడుచుకుంటాం, వాన వస్తే నెత్తిన కప్పుకుంటాం. మడత పెట్టినవాణ్ణి ఒక్కణ్ణి చూడలేదు. ఊపిరి తీసింది దీనితోనే. పనయ్యాక అలవాటుగా మడిచి పెట్టాడు."

ఆ సంచి వైపు చూడలేక భానుమతి మొహం తిప్పుకుంది. అప్పుడే గుమ్మంలో నీడ పడింది.

"ఏం రాజుగారూ, గోనెసంచులతో కేసు తేలుస్తున్నారా?"

వచ్చినవాడు రఘురాం. ఒకప్పుడు ఓడల సరుకు దింపించే కంపెనీలో ఆఫీసరుగా చేసి, ఇప్పుడు పార్క్ స్ట్రీట్‌లో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతున్నాడు. పరువు పోకుండా చూడమని ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఈయన్ని పెట్టుకున్నారు. గోపీనాథ్‌ని లాకప్పులో పెట్టించింది ఈయనే. ఒక డబ్బా మీద ధూళి తన రుమాలుతో తుడిచి కూర్చుని, రుమాలు మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"కేసు ఎప్పుడో తేలింది," అన్నాడు రఘురాం. "మేడంగారి టేపులన్నీ విని టైపు చేసింది గోపీనాథ్. గవరయ్య ఒక హత్య చూశాడని అతనికి అందరికంటే ముందు తెలుసు. దాన్ని అడ్డం పెట్టుకుని బెదిరించాడు. మాట పెరిగింది. అంతే. మంగళవారం పొద్దున్న గోపీనాథ్ ఆఫీసులో లేడు."

"ఎక్కడున్నాడట?"

"సినిమాకి వెళ్లానంటున్నాడు. పొద్దుటాటకి. ఎవరు నమ్ముతారండీ?"

"నేను నమ్ముతాను. నేనూ వెళ్తుంటాను," అన్నాడు పెద్దిరాజు. "గవరయ్య ఎలాంటి మనిషో మీకు తెలుసా రఘురాంగారూ?"

"తెలియకేం. మాటల మనిషి. అంత కథ టేపులో చెప్పినవాడు మాటల మనిషి కాక ఏమవుతాడు?"

 పెద్దిరాజు సోంపు మళ్లీ నోట్లో వేసుకున్నాడు.

షెడ్డు బయట జనం చేరారు. రఘురాం వాళ్లను ఒకసారి చూసి భానుమతి వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు గాని అందరికీ వినపడేలాగే ఉంది.

"మేడం, మీరు ఇంకా దాస్తే గోపీనాథ్‌తో పాటు మీరూ లోపలికి వెళ్తారు. ఆ కుర్రాడికి కనీసం జీవిత ఖైదు పడుతుంది. పోలీసులకి మీరు ఒక్క మాట చెబితే చాలు. టేపులో ఉన్నది గవరయ్యే, ఆ సంగతి గోపీనాథ్‌కి తెలుసు అని."

"మేడం, మీరేం మాట్లాడకండి," అన్నాడు పెద్దిరాజు గభాలున.

కానీ భానుమతి మూడు రోజులుగా ఒక మాట దాస్తోంది. గోపీనాథ్ ఏ తప్పూ చేయలేదు. పైగా ఆ మాట అతనికీ తెలుసు, లాకప్పులో ఉండి కూడా బయటపెట్టలేదు. ఇంకా ఎంతకాలం మింగుతుంది?

"గవరయ్య ఆ మాటలు చెప్పలేదు," అంది. "ఆయన్ని నేను ఎన్నడూ చూడలేదు. మా పరిశోధనల్లో అసలు పేర్లు వాడం. మీ పేరు బయటికి రాదని మాట ఇచ్చి, ప్రతి ఒక్కరికీ ఏదో ఒక పేరు మేమే పెడతాం. శ్రీకాకుళం వైపు పేరు కదా అని గవరయ్య అని రాశాను. ఇక్కడ ఆ పేరుతో నిజంగా ఒక మనిషి ఉన్నాడో లేదో కనుక్కోవాలన్న బుద్ధి నాకు లేకపోయింది. ఆ సంగతి గోపీనాథ్‌కి తెలుసు. గవరయ్యని చంపాల్సిన అవసరం అతనికేమీ లేదు."

 వెనకెక్కడో మహాలక్ష్మమ్మ అడుగుతోంది, ఆ యమ్మ ఏటంది, ఏటంది అని. ఎవరూ ఆమెకు చెప్పలేకపోయారు.

పెద్దిరాజు కళ్లు మూసుకుని తెరిచాడు. రఘురాం మొహంలో రంగు పోయింది.  మెల్లగా అడిగాడు.

"అయితే చెప్పింది ఎవరు?"

"చెప్పను."

"చెప్పదు," అన్నాడు పెద్దిరాజు, ఇద్దరి మధ్యకూ వచ్చి నిలబడుతూ. "చెప్పకపోయినా మీ కేసు పోయింది రఘురాంగారూ. పేర్లు మారుస్తారని తెలిసినవాడు గవరయ్య జోలికి వెళ్లడు. ఇన్‌స్టిట్యూట్ వాళ్లెవరూ కాదు. ఈ లైన్లవాళ్లూ కాదు. గవరయ్యకి చెవుడని ఇక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. లోపలి చప్పుడు విన్నానని అతను చెప్పాడంటే ఒక్కడూ నమ్మడు. గవరయ్య అనే పేరు తెలిసి, మనిషి తెలియనివాడు. ఆదివారం హాల్లో కూర్చుని, తల ఊపడం చూసి నమ్మినవాడు. ఇక్కడికొచ్చి, నువ్వేనా చూసింది అని అడిగాడు. ఈ అమాయకుడు మళ్లీ తల ఊపాడు."

"చెవుడా?" అన్నాడు రఘురాం.  లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "నాదే పొరపాటు రాజుగారూ. ఠాణాకి వెళ్లి గోపీనాథ్‌ని వదిలేయమని నేనే చెబుతాను."

అంత తొందరగా ఒప్పుకుంటాడని భానుమతి అనుకోలేదు. పెద్దిరాజు కూడా అనుకున్నట్టు లేడు. జనాన్ని తోసుకుంటూ వెళ్లే రఘురాం వీపునే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత భానుమతిని షెడ్డు లోపలికి లాగినంత పని చేశాడు.

"ఎంత పని చేశారు మేడం. ఇంతసేపూ హంతకుడు తన పని అయిపోయిందనుకుని హాయిగా ఉన్నాడు. ఇప్పుడు మళ్లీ వెతకడం మొదలుపెడతాడు. ఇంత మంది విన్నారు. సాయంత్రానికి వాడి చెవిన పడుతుంది. ఆ మనిషి పేరు చెప్పండి. నేను వెళ్లి దాచిపెడతాను."

"చెప్పలేనండీ."

"ప్రాణం పోతుంది."

"మాట ఇచ్చానండీ. నీ పేరే కాదు, నువ్వు ఎవరన్న జాడ కూడా ఇంకొకరికి తెలియదని చేతిలో చెయ్యి వేసి చెప్పాను. ముందు తనని అడుగుతాను. ఒప్పుకుంటే మీ దగ్గరికి తీసుకొస్తాను."

"సరే, అడుగుదురుగాని. ఒంటరిగా మాత్రం కాదు. యూనియన్ ఆఫీసులో ఫోన్ ఉంది. ఒక కానిస్టేబుల్‌ని పిలిపిస్తాను. నేను వచ్చేదాకా గవరయ్య ఇంట్లోంచి కదలకండి." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "మేడం, చేతులెత్తి దణ్ణం పెడతాను. కదలకండి."

ఆ ఇంట్లో కూర్చోవాలనే ఆమె అనుకుంది. కానీ మహాలక్ష్మమ్మ ఎదురుగా కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. ఎవరో చెవిలో చెప్పినట్టున్నారు, ఆమె ఏడుపు ఆపేసి భానుమతినే చూస్తోంది. తిట్టినా బాగుండేది. కానిస్టేబుల్‌తో వెళ్తే వీధంతా చూస్తుంది. వీధి చూస్తే ఆ మనిషి ఎవరో పెద్ద అక్షరాలతో బోర్డు కట్టినట్టే. తను ఒక్కతే వెళ్తే ఎప్పటిలాగే సర్వే అమ్మాయి వచ్చిందనుకుంటారు. పరిశోధనకు ఇన్నాళ్లూ అలాగే తిరిగింది, ఎవరికీ అనుమానం రాలేదు. ఇంకొక్క గవరయ్య చావకూడదు. ఆ ఒక్క ఆలోచన తప్ప ఆమె బుర్రలో ఇంకేం లేదు. వెనక సందులోంచి బయటపడి దర్జీల పేట మెటియాబ్రుజ్ వెళ్లే ఆటో ఎక్కింది.

ఆటోలో పక్కనున్నవాళ్ల మొహాలు చూడడానికి కూడా ధైర్యం చాలలేదు. దిగాక రెండు సందులు ఊరికే చుట్టు తిరిగి, వెనక ఎవరూ లేరని చూసుకుని గాని అసలు సందులోకి అడుగు పెట్టలేదు. రెండు వైపులా దర్జీ మిషన్లు హోరెత్తిపోతున్నాయి. పట్టపగలే అయినా ఆ సందులో అరిస్తే ఎవరికి వినపడుతుంది అన్న ఆలోచన వచ్చి ఆమె అడుగుల వేగం పెంచింది.

చివరి గదిలో జగ్గమ్మ చొక్కాల కుప్ప ముందు కూర్చుని దారాలు కత్తిరిస్తోంది. ఒంటరి ముసలిది. ఒకప్పుడు రేవులో ఓడల మీద ఒలికిన గింజలు ఊడ్చే పని చేసింది. టేపులో ఉన్న గొంతు ఆమెది. ఆడమనిషి మాటలని ఎవరికీ అనుమానం రాకూడదని భానుమతి ఏరి కోరి మగ పేరు పెట్టింది.

"ఏటమ్మా, అలగ వణికిపోతన్నావు? కూకో. నీళ్లు తాగు."

"టైము లేదు జగ్గమ్మా. లే. రెండు చీరలు మూటకట్టు. హౌరా వెళ్లి ఊరి బండెక్కుదువుగాని, నేనే టిక్కెట్టు కొంటాను."

"ఎందుకు?"

భానుమతి చెప్పింది. తడబడుతూ, ముందుది వెనక, వెనకది ముందు, అంతా చెప్పేసింది. గవరయ్య చావు చెప్పేటప్పుడు ఏడ్చింది కూడా. అంతా విని జగ్గమ్మ కత్తెర కింద పెట్టింది. పెద్దగా బెదిరినట్టు లేదు. ఏళ్ల తరబడి ఇలాంటి రోజు ఒకటి వస్తుందని ఎదురుచూస్తున్నట్టే ఉంది.

"పాపం, సెవిటోడు," అంది. "నా సావు ఆడు సచ్చినాడు."

"నువ్వు లే ముందు."

"లెగుతాను. ఒక మాట సెప్పు. నా పేరు ఎవలికీ సెప్పనేదు కదా?"

"ఒట్టు జగ్గమ్మా. పోలీసులకి చెప్పలేదు, డిటెక్టివ్‌గారికి కూడా చెప్పలేదు. ఒక్కదాన్నే వచ్చాను. వెనక ఎవరూ లేరని రెండుసార్లు చూసుకున్నాను."

జగ్గమ్మ లేవబోయి ఆగింది. ఆమె చూపు భానుమతి భుజం మీదుగా గుమ్మం వైపు వెళ్లి అక్కడే ఉండిపోయింది. భానుమతి వెనక్కి తిరిగింది. గుమ్మంలో రఘురాం నిలబడి నుదుటి చెమట రుమాలుతో అద్దుకుంటున్నాడు. తెలిసిన మొహం కనపడేసరికి భానుమతి ప్రాణం కుదుటపడింది. పెద్దిరాజుగారే పంపి ఉంటారు, ఇంక ఫరవాలేదు అనుకుంది. ఆ అనుకోవడం ఎంతోసేపు నిలవలేదు. జగ్గమ్మ వేళ్లు వచ్చి ఆమె మణికట్టును గట్టిగా పట్టుకున్నాయి.

"మరైతే ఈ బాబునెందుకు ఎంటబెట్టుకొచ్చినావమ్మా?" అంది జగ్గమ్మ చాలా నెమ్మదిగా. "ఆ దినం ఓడ మీద తలుపు మూసీమన్నది ఈ బాబే."

రఘురాం రుమాలు నాలుగు మడతలు వేసి జేబులో పెట్టుకుని, లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.